బీరువాలో మిగిలిన మాత్రలు

మన యిండ్లలో ఆవకాయ జాడీ వలెనే మిగిలిన మాత్రల డబ్బాయు నొకటి యుండును. డబ్బిచ్చి కొన్న మందును పారవేయుటకు మనకు చేతులు రావు. ఆ పొదుపు మాకు నేర్పిన పాఠమును మీతో చెప్పుకొనదలచితిమి.

మా పెద్దమ్మాయికి శస్త్రచికిత్స చేసి బిడ్డను తీసిరి. ఇంటికి వచ్చిన వారమునకు జ్వరము తగిలి, కుట్లయొద్ద చీము కనబడెను. మేము బీరువా తెఱచి, వెనుకటి జబ్బునకు తెచ్చి మిగిల్చిన మాత్రలను రెండు దినములు వేసితిమి. గుణము కానరాక ఆసుపత్రికి గొనిపోగా, వైద్యురాలు "ఇంట నేమైన మందు వాడితిరా?" యని యడిగెను. సిగ్గుచే లేదంటిమి. ఆమె చీమును దూదిపుల్లతో తీయించి పరీక్షకు పంపి, అంతవరకు నొక మందును సూదితో నిప్పించెను. జ్వరము తగ్గలేదు. పసిబిడ్డ తల్లికై యేడ్చుచుండెను.

మూడవనాడు, ఆ పరీక్షాలయమున పనిచేయు మా స్నేహితురాలి కుమార్తె మమ్ము పిలిచి యొక పళ్లెమును చూపెను. అందు నాలుగు మిల్లీమీటర్ల మందమున అగరు గడ్డకట్టియుండెను. వంటయింటి జెల్లీకి వాడు నీ వస్తువును క్రిములను పెంచుటకు 1881లో సూచించినది ఫానీ హెస్సె యను గృహిణియేనట! చీములోని క్రిమిని దానిపై సమముగ పులిమి, మందు పట్టించిన కాగితపు బిళ్ళలను బొట్లవలె నుంచి, ముప్పదియైదు డిగ్రీల వేడిలో ఒక రాత్రి యుంచిరి. పనిచేయు మందు చుట్టును, చంద్రునికి గుడి కట్టినట్లు, తేటయైన వలయ మేర్పడును. పనిచేయనిచో క్రిమి బిళ్ళ యంచువరకు పెరుగును. వలయము వెడల్పును కొలిచి, ఆ మందునకు నిర్ణయించిన పట్టికతో సరిచూతురు. పెద్ద వలయము గలదే మేలైన మందనుకొనరాదు. ఒక్కొక్క మందునకు కొలత వేఱు.

"పిన్నిగారూ, ఈ సెఫాక్సిటిన్ బిళ్ళచుట్టు చూడుడు, తగినంత వలయము లేదు. అనగా పెన్సిలిన్ కుటుంబపు మందులు దాదాపుగ నేవియు దీనిపై పనిచేయవు. ఇట్టి క్రిమిని 1961లోనే ఇంగ్లండులో గుర్తించిరి" అనెను. మేము వేసిన మాత్రలును, సూదిమందును ఆ కుటుంబములోనివే! నిజము చెప్పియున్నచో వైద్యురాలు ముందే మఱియొక దారి నాలోచించియుండెడిది. పరుగున పోయి, తల వంచుకొని చెప్పితిమి. ఆమె నిందింపలేదు. "ఆ క్రిమి మీ మాత్రలవలననే వచ్చినదని చెప్పలేము. కాని దాచుటవలన రెండు దినములు పోయినవి" అని మాత్రము పలికెను. గాయమును తెఱచి చీము తీసి, వలయము కట్టిన మందొకటి యిచ్చిరి. నాలుగవనాటికి జ్వరము దిగెను. అమ్మాయి బిడ్డ నెత్తుకొనెను.

పెన్సిలిన్‌ను కనుగొన్న ఫ్లెమింగు 1945లో నోబెల్ ఉపన్యాసమునందే యీ మాట హెచ్చరించెను. గొంతునొప్పికి తానే చాలీచాలని మందు వేసికొన్న యొక భర్త, మందునకు లొంగని క్రిమిని భార్యకంటించి యామెను పోగొట్టుకొన్నట్లు ఆయన యూహించి చెప్పెను. చాలని మందునకు మెత్తని క్రిములు చచ్చును. మొండివి మిగిలి వర్ధిల్లును. ఆ మొండితనము మన యింటితో ఆగదు. ప్రక్కమంచము బాలెంతరాలికిని ముప్పే.

ఆ సాయంకాలమే మేము డబ్బాను ఖాళీ చేసితిమి. అమ్మలారా! ఒకరి మందు నొకరికి వేయకుడు. జలుబునకు ఇట్టి మందులు కావలెనని వైద్యుని పీడింపకుడు. చెప్పిన మందును చెప్పినన్ని దినములు వాడుడు. అన్నిటికంటె ముఖ్యముగ, వైద్యు డడిగినప్పుడు సత్యము చెప్పుడు. మా సిగ్గు విలువ రెండు దినములు. ఆ రెండు దినములు మా బిడ్డ పడిన బాధ మే మెన్నడును మఱువజాలము.