చంపావతికి ఎదురు నడక

కోనాడ తీరంలో అల వెనక్కి తగ్గాక తడి ఇసుక మీద ఎర్రటి, నల్లటి చారలు మిగులుతాయి. ఎరుపు గార్నెట్, నలుపు ఇల్మనైట్. సముద్రం పుట్టించినవి కావివి. తూర్పు కనుమల్లో ఖోండలైట్ అనే రాయి ఎండకీ వానకీ పొడిపొడి అయి, గెడ్డల్లో పడి, గెడ్డల నుంచి ఏటిలోకి దొర్లి ఇంత దూరం వచ్చింది. కొండల్లో బతికే ఖోండుల పేరునే ఆ రాతికి పెట్టినవాడు టి.ఎల్.వాకర్ అనే భూగర్భ శాస్త్రవేత్త, 1902లో. ఈ తీరానికి ఆ సరుకు మోసే నదుల్లో చంపావతి ఒకటి. గోస్తనికీ నాగావళికీ మధ్య ఇరుక్కున్న చిన్న నది. పరీవాహకం పధ్నాలుగు వందల చదరపు కిలోమీటర్లు, అంతే. వానొస్తే ఏరు, లేకపోతే ఇసుక.

ఈ నదిని కింద నుంచి పైకి నడవాలి. పై నుంచి కిందికి వస్తే కొండలు ముందే అయిపోయి, చివర్లో రోడ్లూ చేపల వలలూ మిగులుతాయి. కాళ్లకి ఓపిక తగ్గేవేళకి చూసేవీ తగ్గుతాయి. ఎదురు నడిస్తే రోజురోజుకీ ఊళ్లు పల్చబడి, జాడలు చిక్కబడతాయి. సంక్రాంతి వెళ్లాక బయల్దేరాలి. అప్పటికి నీరు పాయలుగా చీలి ఇసుక తేలుతుంది, మధ్యాహ్నాలు ఇంకా కాల్చవు. మార్చి దాటితే మాత్రం వద్దు.

వీపున సంచి వేసుకుని అడవికి పోవాలనగానే మనవాళ్లకి అరకు, లంబసింగి తప్ప తోచదు. అక్కడ మంచు కన్నా కార్లు ఎక్కువ. చంపావతి ఒడ్డున అభయారణ్యం లేదు, గేటు లేదు, టికెట్టు లేదు, జీపులో తిప్పి ‘అదిగో’ అని చూపేవాడూ లేడు. అంతమాత్రాన జంతువులు లేవనుకోవద్దు. జీడితోటలో, చెరకు చేలో, సరుగుడు నీడలో, రైల్వే కట్ట కింద తూములో మన పక్కనే కాపురం చేస్తున్నాయి. రాత్రి షిఫ్టు వాటిది, పగలు మనది. కాబట్టి ఇక్కడ జంతువుని చూడటం కన్నా అది రాత్రి ఏం చేసిందో పొద్దున్నే చదువుకోవడం ఎక్కువ.

ఆ చదువు కోనాడ, చింతపల్లి ఇసుకలోనే మొదలవుతుంది. జనవరి నుంచి మార్చి దాకా ఆలివ్ రిడ్లే తాబేళ్లు రాత్రిపూట ఒడ్డెక్కి గుడ్లు పెడతాయి. తెల్లారేసరికి మిగిలేది రెండు బాటలు: సముద్రం నుంచి పైకి ఒకటి, తిరిగి కిందికి ఒకటి. వంగి చూడండి. ఎడమ రెక్క గీత, కుడి రెక్క గీత ఎదురెదురుగా ఉండవు, ఒకటి ముందు, ఒకటి వెనక. ఆకుపచ్చ తాబేలైతే రెండు రెక్కలూ ఒకేసారి వేస్తుంది, గీతలు జంటగా పడతాయి. బాట మలుపు తిరిగినచోట ఇసుక చెదిరి, పైన అదిమినట్టు ఉంటుంది. తల్లి వెనక రెక్కలతో గొయ్యి తవ్వి, వంద గుడ్ల దాకా పెట్టి, పూడ్చి, ఒంటి బరువుతో దిమ్మిస వేసి పోయిన చోటది. అటవీశాఖ వాళ్లు గుడ్లు సేకరించి దడి కట్టిన పొదుగుదొడ్లలో పాతిపెడతారు. లేకపోతే నక్కలు, కుక్కలు ముందే కనిపెట్టేస్తాయి. పొదిగేది ఇసుక వేడే. వేడి ఎక్కువైతే ఆడ పిల్లలు, తగ్గితే మగ పిల్లలు. ఒడ్డున చచ్చిపడిన పెద్ద తాబేళ్లూ కనిపిస్తాయి. అవి ట్రాలర్ల వలల్లో చిక్కి ఊపిరాడక పోయినవి. రాత్రి టార్చిలైటు వేసి తాబేళ్ల వెంట పడకండి. వెలుతురు చూసి గుడ్లు పెట్టకుండానే తిరిగిపోతాయి.

నాతవలస వంతెన దగ్గర పదహారో నంబరు జాతీయ రహదారి దాటాక కొంతదూరం నది సంసారపక్షంగా ఉంటుంది. డెంకాడ ఆనకట్ట, సారిపల్లిలో దిబ్బిలింగేశ్వరుడి పాత గుడి, నెల్లిమర్లలో జూట్ మిల్లు. నెల్లిమర్ల, రామతీర్థం దగ్గర ఇసుకలో ఊటబావులు ఉన్నాయి. విజయనగరం పట్నం తాగే నీళ్లలో ఓ పెద్ద వాటా ఇక్కడిదే. ఈ బావులు బతికేది పైనున్న ఇసుక పొర మీద. ఆ పొరనే ట్రాక్టర్లకి ఎత్తుతుంటే పట్నానికి కుళాయి ఎందుకు సన్నబడిందో అడగక్కర్లేదు. రామతీర్థంలో కొండల మీద బౌద్ధ, జైన శిథిలాలున్నాయి. గురుభక్తులకొండ ఎక్కితే కింద నది మొత్తం కనిపిస్తుంది. రాతి మీద తొండలు, గాలిలో డేగలు. ఎండెక్కక ముందే దిగిపోవాలి. కోటగండ్రేడు బ్యారేజీ దగ్గర ఆగి చూసేదేమీ లేదు.

గజపతినగరం దగ్గర నది స్వభావం మారుతుంది. ఇక్కడ నిలబడితే పడమట కొండల వరుస మొదటిసారి స్పష్టంగా ఎదురొస్తుంది. రాయపూర్ పోయే రోడ్డు, రాయపూర్ పోయే రైలు రెండూ ఈ ఊరి మీదుగానే. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే వాళ్లు ఆ లైను 1931లో పూర్తి చేశారు. రైలు రాక ముందు కొండల్లో చింతపండు, అడ్డాకు దిగేది ఎడ్లబండ్లు, నెత్తి మూటల మీదనే. ఊరికి పైన నది వెడల్పుగా, పల్చగా పరుచుకుంటుంది. తెల్లారుజామున ఇసుక మంచుకి తడిసి గట్టిపడి ఉంటుంది. ఓ గంటకి మేకలు దిగితే ఏ జాడా మిగలదు. ఆ గంటే మనది.

ముందు దొరికేది ఉడుము. నాలుగు కాళ్ల గుర్తుల మధ్య తోక ఈడ్చిన గీత వంకరటింకరగా పోతుంది. తర్వాత నక్క. కుక్కకీ నక్కకీ పాదం దాదాపు ఒకటే, గోళ్లు రెండిటికీ పడతాయి. నక్కది సన్నగా, పొడుగ్గా ఉంటుంది. తేడా అసలు నడకలో తెలుస్తుంది. ఊరకుక్క వాసన చూస్తూ అటూ ఇటూ తిరుగుతుంది. నక్క పనున్నదానిలా గీత గీసినట్టు పోతుంది. జంగుపిల్లి గుండ్రటి పాదం, గోరు జాడ ఉండదు. ముళ్లపంది వెళ్లిన దారిలో పాదాల వెనక ముళ్లు ఊడ్చినట్టు సన్న గీతలు ఉంటాయి. ఒక్కో చోట రెండు దారులు కలుస్తాయి. నక్క వచ్చిన దారి కుందేలు గుర్తుల మీద పడి, అక్కడ ఇసుక రేగి, ఆ పైన నక్క ఒక్కటే ముందుకి పోతుంది. మిగతాది మీరు ఊహించుకోవచ్చు.

నేను చతికిలబడి చూస్తుంటే మేకల కాపరి పెద్దాయన వచ్చి, “ఏటి ఎతుకుతున్నారు బాబూ, బంగారం పోనాదా?” అన్నాడు. నక్క జాడ చూపించాను. ఆయన వంగనైనా వంగలేదు. “గుంటనక్క. చెరకులోంచి వొచ్చి నీల్లు తాగి అటెల్లిపోనాది. రోజూ అదే పని.” కాసేపాగి, “మాకు లేదు గానీ దానికి జాగర్త ఎక్కువ,” అని మేకల్ని అదిలించాడు. ఎన్ని ఫీల్డ్ గైడ్లు కొన్నా ఆయన నిలబడి చూసినంత దూరం మనం కూర్చుని చూడలేం.

ఒడ్డున కోసుకుపోయిన మట్టిగోడల్లో బొరియలు కనిపిస్తాయి. అవి పసిరిక పిట్టలవి. వేసవి ముంగిట్లో చేతి పొడవు సొరంగం తవ్వి లోపల గుడ్లు పెడతాయి. తీతువుకి ఆ శ్రమ లేదు. గులకరాళ్ల మధ్య నేల మీదే నాలుగు గుడ్లు పెడుతుంది. రాళ్లకీ గుడ్లకీ తేడా తెలియదు. దగ్గరికి పోతే తల మీద చక్కర్లు కొట్టి ఊరంతా లేచేలా అరుస్తుంది. ఆ అరుపు విన్నచోట అడుగు తీసేముందు కింద చూసుకోండి. ఇసుక ట్రాక్టరు చక్రానికి ఆ అరుపు వినపడదు.

సంచి గురించి ఓ మాట. కొత్తవాళ్లు టెంటు, స్టవ్వు, కుర్చీ అంటూ గాడిద మోతకి సిద్ధపడతారు. గజపతినగరం దాకా పది కిలోమీటర్లకో ఊరు, ప్రతి ఊళ్లో టీ కొట్టు. దోమతెర మాత్రం తప్పదు. కొండ దిగువ గ్రామాల్లో మలేరియా ఉత్తమాట కాదు. బైనాక్యులర్ ఒకటి, ఓఆర్ఎస్ పొట్లాలు, చేతికర్ర, నీళ్లకి రెండు సీసాలు. రిజర్వు ఫారెస్టులోకి అడుగు పెట్టాలంటే అటవీశాఖ అనుమతి కావాలి, ఊరి మనిషి తోడు కావాలి. అగ్గిపెట్టె మడుగులో పడేయండి. ఫిబ్రవరి నుంచి ఆకు రాలి కొండంతా ఎండుమోపులా ఉంటుంది, ఒక్క బీడీ చాలు.

మెంటాడ దాటాక ఆండ్ర. ఇక్కడ నదికి అడ్డంగా జలాశయం కట్టారు. దాని కింద పండేది తొమ్మిది వేల ఎకరాల పైచిలుకు. కట్ట మీద నుంచి చూస్తే ఒక పక్క వరి, చెరకు, రెండో పక్క నీళ్లలోకి కాళ్లు చాపిన కొండలు. ఎండిన చెట్టు కొమ్మల మీద నీటికాకులు రెక్కలు ఆరబెట్టుకుంటాయి. నీళ్ల అంచున జిట్టంగి, ఉల్లంకి పిట్టలు తోకలాడిస్తూ తిరుగుతుంటాయి. అవి హిమాలయాల అవతల నుంచి వచ్చిన చలికాలపు చుట్టాలు. ఇక్కడే ఓ పూట ఉండి మర్నాడు తెల్లారక ముందే బయల్దేరడం మంచిది.

ఇక్కడి నుంచి ఎలుగు రాజ్యం. ఏనుగుల కోసం చూడకండి, అవి నాగావళి, వంశధార వైపువి. 2007లో ఒడిశా లఖేరి నుంచి ఓ గుంపు వచ్చింది. 2018 నుంచి కురుపాం, కొమరాడ చేలల్లో మరో గుంపు తిరిగింది. 2023 మేలో భామిని మండలం కాట్రగడ దగ్గర నాలుగు ఏనుగులు కరెంటు తగిలి చనిపోయాయి. చంపావతి కొండలది వేరే లెక్క.

జీడితోటలు అయిపోయి దుబ్బులు మొదలయ్యే చోట ఓ పుట్ట కనిపించింది. నడుము దాకా పగిలి ఉంది. పార, గునపం దెబ్బలు కావు. గట్టి ఎర్రమట్టి మీద వేళ్లంత మందాన నాలుగైదు గాడులు పక్కపక్కన పడ్డాయి. మట్టిబెడ్డల్లో తడి ఇంకా ఆరలేదు. ఎలుగు పుట్ట తవ్వి మూతి లోపల పెట్టి ముందు ఊదుతుంది, దుమ్ము పోతుంది. తర్వాత ముక్కు రంధ్రాలు మూసుకుని చెదల్ని పీలుస్తుంది. పై దవడలో మధ్య పళ్లు రెండు దానికి ఉండవు, ఆ సందే దాని గొట్టం. చెదలు పీల్చే ఆ చప్పుడు చాలా దూరం వినిపిస్తుందంటారు. కొంచెం పైన దాని పెంటలో రేగుగింజలు గుప్పెడు. మరో నెల పోతే ఇప్పపూలు రాలతాయి. అప్పుడు తెల్లారుజామున ఆ చెట్టు కిందికి ఆడవాళ్లూ అదే వేళకి వస్తారు, ఎలుగూ అదే వేళకి వస్తుంది. గొడవంతా అక్కడ. దానికి చూపు అంతంతమాత్రం. గాలి ఎదురైతే మనం దగ్గరికి వచ్చేదాకా తెలియదు. ఉలిక్కిపడితే మీద పడుతుంది. ఉద్దానం జీడితోటల్లో జరిగిన దాడులు ఎవరూ మర్చిపోలేదు. మా వెంట వచ్చిన కొండదొర కుర్రాడు నడిచినంతసేపూ గట్టిగా మాట్లాడుతూనే ఉన్నాడు. కబుర్లనుకున్నాను. పని అది.

ఈ కొండల్ని చూడదగ్గవి అని గుర్తించినవాళ్లలో పిట్టలవాళ్లు ఉన్నారు. ఇదే వరుసకి అవతలి వైపున్న అనంతగిరి, సుంకరమెట్టల్లో 1930 ప్రాంతంలో వెర్నే సర్వే తరఫున పక్షుల నమూనాలు సేకరించారు. 1970ల్లో విశాఖకి చెందిన కె.ఎస్.ఆర్.కృష్ణరాజు, బ్రిటన్ నుంచి వచ్చిన ట్రెవర్ ప్రైస్ లంబసింగి వైపు అడవుల్లో పక్షుల రాకపోకలు రాసుకున్నారు. గెడ్డల పక్క పొదల్లో దాక్కుని కూసే అబట్స్ బ్యాబ్లర్ అనే గోధుమరంగు పిట్ట ఉంది. దాని బంధువులంతా ఈశాన్య భారతం, బర్మా వైపు. మన కనుమల్లో ఒంటరిగా మిగిలిన ఉపజాతికి రిప్లీ, బీలర్ 1985లో కృష్ణరాజు పేరే పెట్టారు.  జయపురం కొండల్లో 1870ల్లో బెడ్డోమ్ పట్టిన నేలబల్లి ఒకటి నూట ముప్పై ఏళ్లకి పైగా ఎవరికీ కనపడక, ఆ తర్వాత ఈ కనుమల్లో మళ్లీ దొరికింది. గిరినాగు ఇంకా ఉంది. ఎండాకుల్ని ఒంటితో పోగేసి గూడు కట్టి గుడ్లు కాచే పాము ప్రపంచంలో అదొక్కటే. కోళ్లకీ మేకలకీ రాదు, దాని తిండి ఇతర పాములు. ఈ సంగతి తెలిసిన ఊళ్లలో చంపడం తగ్గింది.

జలాశయం పైన నది ఒకటి కాదు. ఎటు చూసినా గెడ్డలే, రాళ్ల మధ్య ఒకటి కుడికి, ఒకటి ఎడమకి. చంపావతి ఆండ్ర దగ్గర కొండల్లో పుట్టిందని పుస్తకాలు రాసి ఊరుకుంటాయి. ఏ గెడ్డలో అన్నది చెప్పవు. కొండ వాలున ఓ గూడెంలో చీపురు కట్టలు ఎండబెడుతున్న ముసలామెని అడిగాం. “చంపావతా? అది కిందుంటాది బాబూ. ఇక్కడ గెడ్డే,” అంది. ఏ గెడ్డ అంటే మూడు వైపులా చెయ్యి చూపింది. చోడి అంబలి ఇచ్చి, తాగితే గాని కదలనివ్వలేదు.

ఆ మూడింటిలో ఎండకాలం కూడా నీరుండేది ఏదో కుర్రాడికి తెలుసు. దాన్నే పట్టుకుని ఎక్కాం. అడ్డతీగలు, జీలుగు చెట్లు, తర్వాత నిలువు రాయి. రాయి కింద ఊట. దాని చుట్టూ సిమెంటు తొట్టి కట్టి, తొట్టి నుంచి నల్ల పైపు వేశారు. మోటారు లేదు, కరెంటు లేదు. పల్లానికి జారి ఆ నీరు ముసలామె గూడెంలో కుళాయికి పోతుంది. మిగిలింది పొంగి గెడ్డలో పడుతుంది. పైపు ఒకచోట ముళ్లపంది కొరికితే గుడ్డపేలికతో కట్టారు, అక్కడ నుంచి సన్నగా చిమ్ముతోంది. కుర్రాడు పేలిక విప్పి, గట్టిగా బిగించి కట్టి, ఇంకా పైకి దారి లేదన్నాడు. ఉన్నా మూడు గంటలు దాటాక తను ఎక్కడట. ఆండ్ర నుంచి గజపతినగరం పోయే ఆటో చీకటి పడితే దొరకదు.