జాడీ అడుగున పేరు

“ఇందులో వెండి ఎన్ని గ్రాములుంటుంది?”

ఆ లాకెట్టు చేతిలోకి తీసుకోగానే ఆమె నోటికి వచ్చిన మొదటి ప్రశ్న అది. బల్లకు అవతల నిలబడ్డావిడ కాసేపు ఆలోచించింది. తొమ్మిదో పదో ఉండొచ్చనీ, తానెప్పుడూ తూచి చూడలేదనీ చెప్పింది. లాకెట్టుకు కట్టిన చీటీ మీద ధర 140 డాలర్లు.

యలమంచిలిలో పుట్టి పెరిగి, అనకాపల్లి బంగారం కొట్లలో అమ్మ పక్కన కూర్చుని బేరాలు విన్న మనిషికి నగ అంటే ముందు తూకం. కాటా నిలిచాక ఆ రోజు రేటు, దాని మీద తరుగు, ఆఖర్న మజూరీ. బేరమంతా ఆ చివరి రెండింటి మీదే నడుస్తుంది. లోహం ధర దగ్గర ఎవరూ నోరెత్తరు, చేసినవాడి కూలి దగ్గరే అందరూ గట్టిగా మాట్లాడతారు. ఈ లాకెట్టు లెక్క తలకిందులుగా ఉంది. ధరలో వెండి ఖరీదు పదో వంతు ఉంటే గొప్ప. మిగతాదంతా మజూరీయే.

ఆవిడ నొచ్చుకోలేదు. రేకును కాల్చి మెత్తబరచడం, రంపంతో కోయడం, ఆకురాయి పట్టడం, కొక్కెం అతకడం, మెరుగు పెట్టడం ఒక్కొక్కటే వేలితో చూపిస్తూ చెప్పింది. లాకెట్టు మీది ఈనెలు ఉలితో చెక్కినవి కావు. నిజమైన ఫెర్న్ ఆకును వెండి రేకు మీద పెట్టి, రెండు ఉక్కు రోలర్ల మధ్య నొక్కితే పడిన అచ్చు అది. ఒక ఆకు ఒక్కసారికే పనికొస్తుంది కాబట్టి అలాంటి లాకెట్టు మరొకటి ఉండదు. నమూనా ఆవిడదే, పనీ ఆవిడదే, ధర కట్టిందీ ఆవిడే, ఎండలో నిలబడి అమ్ముతున్నదీ ఆవిడే. ఇలాంటివాళ్ళను డిజైనర్-మేకర్లు అంటారు. ఊహా, చెయ్యీ ఒకరివే అయినవాళ్ళు.

ఆమె లాకెట్టు కొన్నది. తగ్గించమని అడగలేదు.

ఇదంతా న్యూ హాంప్‌షైర్ రాష్ట్రంలోని న్యూబరీలో, మౌంట్ సునపీ కొండ అడుగున జరిగింది. చలికాలంలో మంచు మీద జారేవాళ్ళతో నిండిపోయే చోటు. ఆగస్టు వచ్చేసరికి వాలంతా పచ్చగడ్డి పరుచుకుని ఉంటుంది. కింద వరసగా గుడారాలు. ప్రతి గుడారంలో ఒక బల్ల, బల్ల వెనక ఆ వస్తువులు చేసిన మనిషి. లీగ్ ఆఫ్ న్యూ హాంప్‌షైర్ క్రాఫ్ట్స్‌మెన్ అనే సంస్థ తొమ్మిది రోజులు నడిపే సంత ఇది. 1933లో క్రాఫర్డ్ నాచ్ అనే కనుమలో మొదలైంది. అమెరికాలో ఏటేటా జరిగే హస్తకళల సంతల్లో అన్నిటికంటే పాతదని దీనికి పేరు.

అదే రాష్ట్రంలోని నాషువాలో పదేళ్ళు కాపురమున్నా ఆమె అటు వెళ్ళలేదు. గంటకు పైగా ప్రయాణం. పైగా ఆగస్టు శనివారాలంటే తెలుగిళ్ళలో గృహప్రవేశాలు, పుట్టినరోజులు, వరలక్ష్మీ వ్రతం పేరంటాలు. కూతురి బడిలో బొమ్మలు నేర్పే టీచరు తప్పక చూడమంటే మొదటిసారి వెళ్ళింది. ఆ తర్వాత మానలేదు.

ఈ సంత పుట్టిన తీరు తెలిశాక ఆమెకు మరీ దగ్గరదిగా తోచింది. 1926లో సెంటర్ శాండ్విచ్ అనే చిన్న ఊళ్ళో మేరీ కూలిడ్జ్ అనే ఆవిడ, ఇరుగుపొరుగు ఆడవాళ్ళు చేసిన రగ్గులతో ఒక ప్రదర్శన పెట్టింది. పాత ఉన్ని బట్టల్ని సన్నటి పీలికలుగా కోసి, గోనెగుడ్డ కంతల్లోంచి కొక్కెంతో పైకి లాగి పూలూ తీగలూ తీర్చిన రగ్గులవి. మన ఇళ్ళలో పాత చీరలు బొంతలైనట్టే అక్కడ పాత కోట్లు రగ్గులయ్యేవి. ఇంటి గచ్చు మీద పరుచుకునే ఆ పనికి ఊరి బయట గిరాకీ ఉందని తేలింది. తర్వాత మహా మాంద్యం వచ్చింది. పల్లెల్లో చేతికి డబ్బు రావడం గగనమైంది. 1931లో గవర్నర్ జాన్ వైనంట్ చేతిపనుల కోసం ఒక కమిషన్ వేశాడు. ఆ మరుసటేడే లీగ్ ఏర్పడింది. అంటే కళను మెచ్చుకోవడానికి ముందు, మంచు నెలల్లో ఇంట్లో పొయ్యి వెలగాలన్న ఆలోచన దీని పునాదిలో ఉంది.

అద్దె కట్టినంత మాత్రాన ఇక్కడ బల్ల వేసుకోనివ్వరు. మట్టిపనిని మట్టి తెలిసినవాళ్ళు, నేతను నేత తెలిసినవాళ్ళు పరీక్షించి ఒప్పుకుంటేనే లీగ్‌లో చోటు. ఈ జల్లెడ ఎందుకో ఇప్పటి బజారు చూస్తే తెలుస్తుంది. చేతిపనులకు పెద్ద ఆన్‌లైన్ అంగడిగా పేరు తెచ్చుకున్న ఎట్సీ 2005లో బ్రూక్లిన్‌లో మొదలైంది. 2013లో నియమాలు మార్చి, అమ్మేవాళ్ళు బయటి తయారీదారులతో చేయించుకోవడానికీ వీలు కల్పించింది. తెర మీద ఫొటో చూసి వస్తువు ఎవరి చేతిదో పోల్చుకోవడం కష్టం. సునపీలో ఆ చెయ్యి ఎదురుగానే ఉంటుంది, గోళ్ళ సందుల్లో ఎండిన మట్టితో సహా.

రెండో ఏడు ఆమె ఒక అవసరం పెట్టుకుని వెళ్ళింది. ఆవకాయ జాడీ కావాలి. అమ్మమ్మ నాటి పింగాణీ జాడీని ఎన్ని చీరల మధ్య చుట్టి తెచ్చినా, పెట్టె తెరిచేసరికి మూడు ముక్కలుగా ఉంది. అప్పట్నుంచి ఆవకాయ గాజు సీసాల్లోనే సర్దుకుంటోంది. ఒక కుమ్మరి గుడారంలో మూతల కుండలు వరసగా కనిపిస్తే, వీటిలో ఊరగాయ నిలవుంటుందా అని అడిగింది.

ఆయన జవాబు చెప్పకుండా ఎదురు ప్రశ్నలు వేశాడు. అందులో ఏమేం పడతాయి? ఎన్నాళ్ళుంటుంది? చేత్తో తీస్తారా, గరిటెతోనా? మామిడి పులుపు, ఉప్పు, కారం, ఆవపిండి, పైన తేలే నువ్వులనూనె అన్నీ ఆమె చెప్పింది. మూడో రోజు తిరగగలపడం, ఏడాది పాటు తడి తగలనివ్వకపోవడం, మూతికి గుడ్డ వేసి వాసెన కట్టడం కూడా చెప్పింది. ఆయన జేబులోంచి చిన్న పుస్తకం తీసి రాసుకున్నాడు.

తర్వాత మట్టి సంగతి వివరించాడు. నీళ్ళ కుండల మట్టి తక్కువ వేడిలో కాలుతుంది. గుల్లగా ఉండి తేమను పీలుస్తుంది. పాలు కుండలో ఎందుకంత గట్టిగా తోడుకుంటాయో ఆమెకు అప్పుడు అర్థమైంది. స్టోన్‌వేర్ మట్టిని 1200 డిగ్రీలు దాటించి కాలిస్తే రాయిలా బిగుస్తుంది, అందులోకి నూనె గానీ ఉప్పు గానీ దిగవు. లోపలి పూతలో సీసం ఉండకూడదు, పులుపు దాన్ని లాగేస్తుంది. ఆరి, కాలేలోపు మట్టి దాదాపు ఎనిమిదో వంతు కుంచించుకుపోతుంది గనుక సారె మీద జాడీని పెద్దదిగా లాగాలి. మూతనూ జాడీనీ ఒకే మట్టితో ఒకేసారి చేసి, ఒకటిగా ఆరబెట్టాలి. లేకపోతే ఆ రెండూ జన్మలో కలవవు.

అక్టోబరులో జాడీ వచ్చింది. గరిటె అడుగంటా తిరిగేలా లోపల మూలల్లేవు. చెయ్యి సులువుగా దూరేంత మూతి. మెడ కింద చుట్టూ వేలి వెడల్పున ఒక గాడి. ఆ గాడి ఆయన మామూలు కుండల మీద ఉండదు. వాసెన తాడు జారకుండా నిలవడానికని, ఆమె చెప్పిన ఒక్క మాట పట్టుకుని, ఆయన వేలితో నొక్కి చేసింది. దుకాణంలో వరసన పెట్టిన వంద జాడీల్లో ఆ గాడి దొరకదు.

జాడీని బోర్లించి చూస్తే అడుగున పూత లేని చోట చేసినవాడి పేరు, చేసిన ఏడు. పచ్చిగా ఉండగా పుల్లతో గీసిన అక్షరాలు.

ఆ పేరు ఆమెను చాలా రోజులు వదల్లేదు. యలమంచిలిలో వాళ్ళింట పెళ్ళైతే అరివేణి కుండల కోసం మేళతాళాలతో కుమ్మరింటికి నడిచి వెళ్ళేవారు. ధాన్యం, కొత్త బట్టలు, పసుపుకుంకుమలు ఇచ్చి, కుండలకు పూజ చేసి తెచ్చుకునేవారు. ఎండాకాలం నీళ్ళకుండ, భోగి నాటి పాలకుండ ఆ ఇంటివే. ఎలాంటిది కావాలో చేసేవాడికే చెప్పి చేయించుకోవడం ఆమెకు అమెరికా నేర్పిన పద్ధతి కాదు, పుట్టింట్లోనే చూసింది. కానీ ఆ యలమంచిలి కుమ్మరి పేరేమిటో గుర్తు చేసుకోబోతే రాలేదు. మరిచిపోయి కాదు. ఎప్పుడూ వినలేదు. ఇంట్లో పెద్దవాళ్ళూ పిల్లలూ “కుమ్మరి” అనే అన్నారు. ఫోన్ చేసి అడిగితే అమ్మకూ తెలియలేదు.

మూడు తరాల పెళ్ళిళ్ళకు మంగళకరమైన కుండలిచ్చిన మనిషిని కులం పేరుతో తప్ప పిలవలేదు. ఈ మాట ఆమె ఎవరితో చెప్పినా గొంతు బరువెక్కుతుంది. సునపీ కుమ్మరిని తాను ఎంత గౌరవంగా పేరు పెట్టి పలకరిస్తుందో తలుచుకుంటే మరీను.

ఆ మరుసటి ఆగస్టులో కర్రను తరిమెన పట్టేవాళ్ళ గుడారం దగ్గర ఆగింది. ఒక పెద్దాయన అందరి ఎదుటా లేతు మీద మేపుల్ దుంగను గిన్నెగా మలుస్తున్నాడు. పడిపోయిన చెట్టులో బూజు పాకి వేసిన నల్లటి గీతలు, ఉలి తగిలేకొద్దీ గిన్నె ఒంటి మీద పటంలో నదుల్లా తేలుతున్నాయి. పురుగు పట్టకముందే ఆ చెక్కను ఎలా ఆరబెట్టాలో చెబుతున్నాడు.

ఆమె తన ఊరి పక్క పని గురించి చెప్పింది. యలమంచిలికి దగ్గరలో, వరాహ నది ఒడ్డున ఏటికొప్పాక. చిన్నప్పుడు తాను ఆడుకున్న లక్కపిడతలు అక్కడివే. మెత్తటి అంకుడు కర్రను తరిమెన మీద తిప్పుతూ రంగు కలిపిన లక్క కడ్డీని ఆనిస్తే, ఆ ఒరిపిడి వేడికే లక్క కరిగి కర్రకు పట్టుకుంటుంది. తర్వాత మొగలి ఆకుతో ఒత్తితే నిగనిగలాడుతుంది. కుంచె లేదు, వార్నిష్ లేదు. పసుపు, నీలిమందు, జాఫ్రా గింజలు లక్కకు రంగులిస్తాయి.

పెద్దాయన లేతు ఆపేశాడు. ఒరిపిడి వేడి చాలా, మంట అక్కర్లేదా అని రెండుసార్లు అడిగాడు. ఒకటి చూడాలని ఉందన్నాడు.

సంక్రాంతికి ఇంటికెళ్ళినప్పుడు ఆమె ఏటికొప్పాక వెళ్ళింది. ఆ బొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. మరుగున పడుతున్న సహజ రంగుల్ని మళ్ళీ వాడుకలోకి తేవడానికి ఏళ్ళ తరబడి కష్టపడిన సి.వి. రాజు గారికి 2023లో పద్మశ్రీ వచ్చింది. 2025 గణతంత్ర దినోత్సవాన ఢిల్లీలో ఆంధ్రప్రదేశ్ శకటం మీద ఏటికొప్పాక బొమ్మలే ఊరేగాయి. ఊరి పేరు దేశమంతా తెలిసింది. అంగట్లో కొన్న బొమ్మను బోర్లిస్తే మాత్రం అడుగున ఏమీ ఉండదు.

ఒక ఇంటి వసారాలో తరిమెన తిరుగుతోంది. ఆమె చూస్తుండగానే ఒక చెక్కముక్క కుంకుమ భరిణెగా మారింది. ఎర్రటి లక్క మీద రెండు పసుపు గీతలు. మూత తీస్తుంటే గాలి లోపల పట్టినట్టు మెల్లగా ఊడొచ్చింది. చేసిన ఆయన ధర చెప్పాడు, ఆమె ఇచ్చింది. మజూరీ దగ్గర ఆగలేదు.

“బాబాయ్, దీని అడుగున మీ పేరు రాసిస్తారా?” అని అడిగింది.

“నా పేరెందుకమ్మా?” అన్నాడాయన. ఇంతవరకూ ఎవరూ అడగలేదట. మేకు తీసుకుని ముందు “ఏటికొప్పాక” అని గీశాడు. ఊరిది సరే, మీదీ కావాలని ఆమె పట్టుబట్టింది. ఆయన భరిణెను ఎండలోకి తిప్పుకుని, ఊరి పేరు కింద మిగిలిన కాస్త చోటులో ఇంటిపేరుతో సహా గీశాడు. ఆ తర్వాత తారీఖు కూడా వేయాలా అని తనే అడిగాడు.

ఆగస్టులో ఆ భరిణెను సునపీకి తీసుకెళ్ళింది. పెద్దాయన కళ్ళద్దాలు సర్దుకుని మూత తీశాడు, పెట్టాడు, మళ్ళీ తీశాడు. లక్క మీద బొటనవేలు ఆనించి ఎక్కడా అతుకు తగలకపోవడం చూశాడు. లోపలి గోడ ఎంత పలచగా వచ్చిందో పక్కనున్న కుర్రవాడికి చూపించాడు. ఆఖరికి, ఆ పని తెలిసినవాళ్ళంతా చేసేటట్టే, బోర్లించి అడుగు చూశాడు. అక్షరాలు ఆయనకు తెలియవు. వేలు పెట్టి, ఇదెలా పలకాలి అని అడిగాడు.

ఆమె ఒక్కొక్క అక్షరమే పలికింది. ఆయన ఆమె వెనకే అన్నాడు. రెండో సారికి ఇంటిపేరు కూడా సరిగ్గానే వచ్చింది.