చెవి మిషన్‌కు డబ్బు ఎక్కడ పెట్టాలి

భిషీ (చిట్టీ) ఎత్తగానే నాయిన చెవి మిషన్ల కోసం 1,20,000 రూపాయలు పక్కన పెట్టాను. ఆ డబ్బంతా మిషన్ మీదే పోయకుండా ఆపుకోవడం నాకు బాగా కలిసొచ్చింది.

నాయిన సోలాపూర్ సాఖర్ పేఠలో టవల్ సాంచాల (మరమగ్గాల) మీదే ముసలివాడయ్యాడు. కార్ఖానా మోత చెవిలో ముందు దెబ్బతీసేది సన్నని శబ్దాలను పట్టే కణాలను. స, శ, త లాంటి అక్షరాలు తేటగా తెలిసేది వాటితోనే. అందుకే నాయిన, “వినబడ్తది బిడ్డా, సమజైతలేదు” అంటాడు. శబ్దం వల్ల వచ్చే చెవుడు 1948 ఫ్యాక్టరీల చట్టం మూడో షెడ్యూల్లో ఉండేది. నాయినకు మాత్రం దాంతో ఒరిగిందేమీ లేదు, ఖర్చు ఇంటిమీదే పడింది.

దుకాణంలో ధర పెరిగేకొద్దీ మిషన్‌లో శబ్దాన్ని విడగొట్టి సరిచేసే ఛానళ్లు పెరిగాయి. నేను అడిగింది ఒక్కటే: పక్కింట్లో సాంచా ఆడుతుంటే మాట తెలుస్తుందా? ఆడియాలజిస్టు ఓపిగ్గా విడమరిచి చెప్పింది. ఫ్యాను, మోటారు హోరు ఒకే తీరుగా సాగుతుంది, మాట ఎగుస్తూ తగ్గుతూ ఉంటుంది. చిప్ ఆ తేడా పట్టి హోరును తగ్గిస్తుంది. దాంతో చెవికి హాయి, మాట మాత్రం పెద్దగా తేటపడదు. మిషన్‌లో రెండు మైకులుంటే వెనక నుంచి వచ్చే శబ్దం ముందుగా వెనక మైకును తాకుతుంది. ఆ కాస్త తేడాతో లెక్కకట్టి మిషన్ దాన్ని అణచి, ఎదుటి మనిషి గొంతును నిలబెడుతుంది. అన్నిటికన్నా మేలు చేసేది మాట్లాడేవాళ్ల కొంగుకో కాలరుకో తగిలించే చిన్న మైకు. ఆరుబయట దూరం సగమైతేనే గొంతు సుమారు 6 డెసిబెల్స్ పెరుగుతుంది, ఇదైతే నోటికి జానెడు దూరంలో ఉంటుంది.

రెండు చెవులకూ మధ్యరకం జత 76,000, కొంగు మైకు 14,000. చెవి మిషన్‌పై జీఎస్టీ లేదు, బిల్లులో వేస్తే అడగాలి. స్తోమత లేని పెద్దలకు 2017 ఏప్రిల్ 1న నెల్లూరులో మొదలైన రాష్ట్రీయ వయోశ్రీ యోజన కింద మిషన్ ఉచితంగా ఇస్తారు. మన పేటల్లో చాలామందికి ఈ సంగతి చేరాలి.

మిగిలిన 30,000 బ్యాటరీలకు, చెవి అచ్చులకు, సెట్టింగులు సరిచేయించడానికి. ఎన్నిసార్లు ఉచితంగా సరిచేస్తారో బిల్లు మీదే రాయించుకున్నాను. తమ్ముడు ఇప్పటికీ సాంచా మీదే ఉన్నాడు. ఆ డబ్బులోంచే వాడికి చెవి ప్లగ్గులు కొనిచ్చాను.