తాళంచెవి చేతికిచ్చే ముందు

మా రెండవ కుమారునికి పద్దెనిమిదేళ్ళు నిండిన రెండు నెలలకు డ్రైవింగ్ లైసెన్సు వచ్చింది, అల్‌హమ్దులిల్లాహ్. పదహారేళ్ళ వయసు నుండే అతడు బండి అడుగుతూ వచ్చాడు, మేము ససేమిరా అంటూ వచ్చాము. 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం ప్రకారం మైనరు బండి నడిపి నేరం చేస్తే సంరక్షకునికి మూడేళ్ళ వరకు జైలు, 25,000 రూపాయల జరిమానా పడతాయి. లైసెన్సు వచ్చాక ఆ కారణం చెప్పి తప్పించుకోవడానికి లేకపోయింది.

ఆ సాయంత్రమే అతడు షోరూమ్ వారి కరపత్రం తెచ్చి మా ముందుంచాడు. "అబ్బాజాన్! ముందుగా 15,000 కడితే చాలు. ఆపై నెలకు 3,050 రూపాయలే" అన్నాడు. మేము కాగితం తీసుకుని లెక్క వేశాము. బండి ధర 95,000. 36 వాయిదాలు, తొలి చెల్లింపు కలిపితే 1,24,800. అంటే 29,800 రూపాయలు వడ్డీ. ఇరవై ఆరేళ్ళుగా మద్రసాలో వడ్డీ నిషేధాన్ని బోధిస్తున్న వారము. వెంటనే ఉపన్యాసం అందుకున్నాము. కుమారుడు తల వంచుకుని విన్నాడు.

వంటింటి గుమ్మంలో నిలబడిన అతని తల్లి అంతా విని, "పాఠం తర్వాత చెబుదురుగాని, ప్రాక్టికల్స్ ఉన్న రోజున పిల్లవాడు ఇంటికెలా రావాలో ముందు చెప్పండి" అన్నది. మా వద్ద జవాబు లేదు. కాలేజీ పద్నాలుగు కిలోమీటర్ల దూరం. వారానికి మూడు రోజులు ప్రాక్టికల్స్ ముగిసేసరికి ఐదున్నర అవుతుంది. చివరి బస్సు ఐదింటికే వెళ్ళిపోతుంది. ఆ రోజుల్లో అతడు రోడ్డు పక్కన నిలబడి, ముక్కూ మొహమూ తెలియని వారి బండ్లెక్కి వస్తున్నాడని మాకు అప్పుడే తెలిసింది. హరామ్ అని చెప్పి ఊరుకోవడం తేలికే. హలాల్ మార్గాన్ని వెతికి చూపడమే తండ్రి పని. అంతవరకు మేము సగం పనే చేశాము.

మరునాటి నుండి తండ్రీ కొడుకులం కలిసి వెతికాము. తోటి ఉపాధ్యాయుడొకరు ఏడేళ్ళ నాటి 110 సీసీ స్కూటరును 28,000 రూపాయలకు ఇస్తామన్నారు. బేరం కుదిరే ముందు మాకు తెలిసిన మెకానిక్‌కు చూపించాము. బ్రేకులు, వెనుక టైరు, బ్యాటరీ మార్చాలన్నాడు. దానికి 3,400 అయింది. ఛాసిస్ నంబరును ఆర్.సి.తో సరిచూశాము. బండిపై ఫైనాన్స్ బాకీ గానీ, కట్టని చలాన్లు గానీ లేవని నిర్ధారించుకున్నాము. ఐ.ఎస్.ఐ. ముద్ర ఉన్న హెల్మెట్లు రెండు కొన్నాము. వెనుక కూర్చునే తల్లిది కూడా తలే కదా! అవి 2,200. పేరు మార్పిడికి, బీమాకు, పొల్యూషన్ సర్టిఫికెట్‌కు 2,400. మొత్తం 36,000 రూపాయలు.

ధరలో ఎంత తగ్గించుకున్నా, పేరు మార్పిడిలో మాత్రం పైసా మిగుల్చుకోరాదని మేము కష్టపడి నేర్చుకున్నాము. పన్నెండేళ్ళ క్రితం మా పాత మోపెడ్‌ను పరిచయస్థుని చేతికి నమ్మకం మీద అమ్మాము. కాగితాలు తర్వాత చూద్దామనుకున్నాము. రెండేళ్ళకు కోర్టు నుండి నోటీసు వచ్చింది. ఆ మోపెడ్ ఢీకొని ఒక కూలివాని కాలు విరిగింది. బీమా లేదు. రిజిస్ట్రేషన్‌లో యజమాని పేరు మాదే. ఆ పరిహారం తీరేసరికి మా ఇంటావిడ గాజులు అమ్ముడుపోయాయి. రిజిస్ట్రేషన్‌లో ఎవరి పేరుంటే వారే బాధ్యులని 2018లో సుప్రీంకోర్టు కూడా స్పష్టం చేసింది. అందుకే ఈసారి డబ్బు చెల్లించిన రోజే ఫారం 29, ఫారం 30 పై సంతకాలు చేయించాము.

బండిని మా పేరిట గాక కుమారుని పేరిటే రాయించాము. బీమాతో పాటు తీసుకునే 15 లక్షల వ్యక్తిగత ప్రమాద రక్షణ, లైసెన్సు కలిగి బండి నడిపే యజమానికే వర్తిస్తుంది. బీమా గురించి ఉలమాల మధ్య ఉన్న చర్చ మాకు తెలియనిది కాదు. అయితే థర్డ్ పార్టీ బీమాను చట్టం తప్పనిసరి చేసింది. 150 సీసీ లోపు ఇలాంటి బండికి 2022లో నిర్ణయించిన ప్రీమియం ఏడాదికి 714 రూపాయలు, పన్ను అదనం. మన బండి తగిలి గాయపడే మనిషి హక్కుకు అది పూచీ. ఆ కూలివాని ముఖం గుర్తుకు వస్తే ఆ రూపాయలు మాకు భారమనిపించలేదు.

మా వద్ద 20,000 ఉన్నాయి. తక్కిన 16,000 పిల్లవాని మేనమామ కర్జె హసనగా ఇచ్చారు. "మన మధ్య కాగితమెందుకు బావగారూ!" అని ఆయన నవ్వారు. అప్పును రాసుకోమని ఆదేశించే అల్ బఖరా సూరాలోని 282వ ఆయతును ఏటా విద్యార్థులకు బోధిస్తాము. మా ఇంట్లో మాత్రం దానిని ఎన్నడూ అమలు చేయలేదు. ఆ రాత్రి కుమారుడే కలం పట్టి, నెలకు వెయ్యి చొప్పున పదహారు నెలల్లో తీర్చేటట్లు పత్రం రాశాడు. ఇద్దరు సాక్షులు సంతకం చేశారు. అందులో సగం, సాయంత్రాలు పిల్లలకు లెక్కలు చెప్పి తానే కడుతున్నాడు.

బస్సు పాసును మాత్రం మానిపించలేదు. ప్రాక్టికల్స్ ఉన్న మూడు రోజులే స్కూటరు, తక్కిన రోజులు బస్సు. పెట్రోలు ఖర్చూ తగ్గింది, మా గుండె దడా తగ్గింది.

మొదటి రోజు అతడు బయలుదేరుతూ వాహనం ఎక్కేటప్పటి దుఆ చదివి, హెల్మెట్ పట్టీ బిగించుకుని, "అబ్బాజాన్! స్నేహితులు పాత బండి అని నవ్వుతారేమో" అన్నాడు. "నవ్వనీ నాయనా! నీ బండి వెనుక బాకీ వసూలుకు ఎవరూ రారు" అన్నాము. అతడూ నవ్వాడు. ఆ సాయంత్రం మగ్రిబ్ అజాన్‌కు ముందే గేటు దగ్గర స్కూటరు చప్పుడు వినిపించింది.

పిల్లలకు "వద్దు" అని చెప్పే ప్రతి చోటా, "ఇదిగో దారి" అని చూపే శక్తిని అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక! రోడ్డెక్కిన మన బిడ్డలందరినీ క్షేమంగా ఇల్లు చేర్చుగాక! ఆమీన్.