కూత పెట్టిన స్విచ్

2008 ఎండాకాలంలో మా కారుకో వింత జబ్బొచ్చింది. విజయవాడ హైవే మీద ఎనభైలో పోతుంటే టెంపరేచర్ ముల్లు సగంలో బుద్ధిగా కూర్చునేది. అదే అమీర్‌పేట ట్రాఫిక్‌లో ఐదు నిమిషాలు ఇరుక్కుంటే చాలు, ఎర్రగీత వైపు పాకడం మొదలుపెట్టేది.

కారు పరిగెడుతున్నప్పుడు ఎదురుగాలే రేడియేటర్‌ని చల్లబరుస్తుంది. ఆగినప్పుడు ఆ పని ఫ్యానుది. కాబట్టి ఆగినప్పుడు మాత్రమే వేడెక్కుతోందంటే ముందు ఫ్యాను సంగతి చూడాలి. మాది పాతకాలం బండి. రేడియేటర్‌కి ఇత్తడి బోల్టులాంటి స్విచ్ ఒకటి బిగించి ఉంటుంది. నీళ్ళ వేడి 95 డిగ్రీలకి చేరితే లోపలి కాంటాక్టులు కలిసి ఫ్యాను తిరుగుతుంది. 90కి దిగితే విడిపోయి ఆగుతుంది. అంతే, ఒకే ఒక్క 'ఇఫ్' కండిషన్! (ఇప్పటి కార్లలో చాలావాటికి ఈ స్విచ్ ఉండదు. సెన్సర్ వేడి ఎంతో చెప్తే, ఫ్యాను వెయ్యాలో వద్దో కంప్యూటరే చూసుకుంటుంది.)

మా వీధి చివరి ఉస్తాద్ బానెట్ ఎత్తి, స్విచ్ కనెక్టర్ పీకి, ఆ రెండు వైర్లనీ చిన్న తీగముక్కతో కలిపాడు. ఫ్యాను గిర్రున తిరిగింది.

"ఫ్యాను మంచిగుంది, ఫ్యూజు మంచిగుంది. స్విచ్చే ఖరాబైంది సార్. ఆరొందలైతది" అన్నాడు.

అర నిమిషం చూసి ఆరొందలా? స్విచ్‌ని టెస్టే చెయ్యకుండా స్విచ్ పోయిందని ఎలా చెప్తాడు? మనలో ఉన్న ఇంజినీరు ఊరుకోడు కదా. "ఆలోచించి చెప్తా" అని వచ్చేశా.

ఆదివారం పొద్దున ఇంజన్ పూర్తిగా చల్లారాక స్విచ్ విప్పా (వేడిగా ఉన్నప్పుడు విప్పితే సలసల కాగే నీళ్ళు మొహాన కొడతాయి, జాగ్రత్త). గిన్నెలో నీళ్ళు పోసి, టెర్మినల్స్ తడవకుండా స్విచ్‌ని తీగతో వేలాడదీసి, పక్కన థర్మామీటర్ పెట్టి స్టవ్ వెలిగించా. మల్టీమీటర్‌ని బీప్ మీద పెట్టా. 94 దగ్గర కుయ్‌మంది! స్టవ్ ఆపితే 89 దగ్గర నోరు మూసుకుంది. ఇంకేం కావాలి? ఎగిరి గంతేశా. కూలంట్ అంటిన గిన్నె మళ్ళీ వంటకి పనికిరాదని తెలిసి మా ఆవిడ మాత్రం గంతెయ్యలేదు.

స్విచ్ మళ్ళీ బిగించి, సాయంత్రం షెడ్డుకెళ్ళి, నలుగురు కస్టమర్లు చూస్తుండగా అనేశా: "స్విచ్ బ్రహ్మాండంగా ఉంది ఉస్తాద్. తెలిసినవాళ్ళ దగ్గర కూడా ఇలా దోచుకుంటే ఎలా?"

ఆయన చేతులు తుడుచుకుంటూ "మీ ఇష్టం సార్" అన్నాడు. అంతే.

నాలుగు రోజుల తర్వాత నాన్నని కంటి ఆపరేషన్ చెకప్‌కి తీసుకెళ్తున్నా. మెహదీపట్నం ట్రాఫిక్. ముల్లు ఎర్రగీత తాకింది. ఫ్యాను ఉలకదు, పలకదు. ఇంజన్ వేడి కాస్తయినా బయటికి లాగుతుందని ఏసీ ఆపి, అద్దాలు దించి, హీటర్ ఫుల్లుగా పెట్టా. మే నెలలో! "ఒరేయ్, నన్ను ఇడ్లీ పాత్రలో పెట్టావేంట్రా" అన్నారు నాన్న, కంటికున్న పట్టీ మీదకి కారుతున్న చెమట తుడుచుకుంటూ. ఎలాగో పక్కకి తీసి ఇంజన్ ఆపి, చివరికి ఉస్తాద్ తీగముక్క ఉపాయంతోనే ఫ్యాను తిప్పుకుని బయటపడ్డాం.

మర్నాడు షెడ్డుకెళ్తే ఆయన ఒక్కమాట కూడా ఎత్తిపొడవలేదు. నా స్విచ్‌ని మరిగే నీళ్ళలో ముంచి, బ్యాటరీకీ హెడ్‌లైట్ బల్బుకీ మధ్య దాన్ని కలిపాడు. బల్బు మిణుగురులా వెలిగింది. కొత్త స్విచ్ పెట్టాడు. కళ్ళు చెదిరిపోయాయి.

"మీ మీటర్ కూతకి చీమంత కరెంట్ చాలు సార్. ఫ్యాను ఏనుగు."

లెక్క చూస్తే నిజమే. మా బండిలో ఈ స్విచ్‌కి రిలే లేదు, ఫ్యాను తాగే పది ఆంపియర్లూ స్విచ్ లోంచే పోవాలి. కాంటాక్టులు కాలి లోపల ఐదు ఓముల అడ్డు ఏర్పడినా మీటర్ బీప్ అంటుంది. కానీ 12 వోల్టుల దగ్గర ఫ్యానుకి అందేది రెండున్నర ఆంపియర్లు కూడా కాదు. నా టెస్టు తప్పు కాదు, నేనడిగిన ప్రశ్నే తప్పు. 'కలుస్తోందా?' అని అడిగా. అడగాల్సింది 'మోస్తోందా?' అని.

ఉద్యోగంలో రోజూ చేసేదీ ఇదే కదా. మన మెషీన్ మీద ఒక్క యూజర్‌తో పాసైన కోడ్ పట్టుకుని, "ప్రొడక్షన్లో ఆగిపోతోంది" అని చెప్పే సపోర్ట్ వాడిని 'నీకేం తెలుసు' అన్నట్టు చూస్తాం. వాడి దగ్గర లాగులు ఉండకపోవచ్చు గానీ, వాడు చూసింది అబద్ధం కాదు.

ఉస్తాద్ స్విచ్ ఖరీదే తీసుకున్నాడు, బిగించినందుకు పైసా పుచ్చుకోలేదు. నేను సారీ చెప్పా. కాకపోతే షెడ్డులో ఎవరూ లేనప్పుడు, గొణుగుతూ. దోచుకుంటున్నావన్నది నలుగురి ముందు, క్షమించమన్నది ఒంటరిగా. ఆ బాకీ ఇన్నేళ్ళయినా తీరలేదు. అందుకే ఇవాళ నలుగురూ చదివేలా ఇక్కడ రాస్తున్నా.