86 ఏళ్ల తర్వాత... కలివి కోడి!

కడప జిల్లా లంకమల కొండల దగ్గర రెడ్డిపల్లె. 1986 జనవరిలో ఓ రాత్రి టార్చిలైటు పట్టుకుని బయల్దేరిన పిట్టల వేటగాడు ఐతన్నకు ఓ పక్షి చిక్కింది. కలివి కోడి! 1900 తర్వాత శాస్త్రవేత్తల కంటపడని పిట్ట. అంతరించిపోయిందనే అనుకున్నారంతా. పగలంతా ముళ్లపొదల్లో నక్కి, చీకటిపడ్డాకే తిరిగేదాన్ని పట్టపగలు వెతికితే దొరుకుతుందా మరి! ఆ పల్లెలవాళ్లకు మాత్రం అది కొత్తేం కాదు. కలివి పొదల మధ్య తిరుగుతుందని ఆ పేరు పెట్టిందే వాళ్లు. తర్వాత దానికోసమే లంకమల్లేశ్వర అభయారణ్యం వచ్చింది. తెలుగుగంగ కాలువ సైతం దారి మళ్లింది. ఐతన్న చేతికి చిక్కిన పిట్ట మాత్రం, పాపం, ఎన్నాళ్లో బతకలేదు. ముంబయిలో బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ భద్రపరిచిన పక్షుల్లో అదీ ఒకటి.