జీపు వణుకూ హ్యాండ్‌బ్రేకూ: రెండు కాదు, ఒకటే జబ్బు

మా ఇంట్లో పాత జీపు ఒకటుంది. విల్లీస్ నమూనాలో మన దేశంలోనే తయారైన డీజిల్ బండి. శ్రీనివాసపురం పక్కన మామిడి తోపులున్న మన తెలుగు కుటుంబాలకు ఇట్లాంటి బండి ఎందుకో చెప్పాల్సిన పని లేదు. మే, జూన్ నెలల్లో వాన పడిన ఎర్రమట్టి దారిలో క్రేట్లు మండీకి చేరాలంటే అదే గతి.

పోయిన కాయల కాలానికి ముందు దానికి రెండు జబ్బులొచ్చినాయి. 45 దాటితే కిందనుంచి వణుకు. రెండోది, హ్యాండ్‌బ్రేకు నిలవదు. చెరువు కట్ట ఏటవాలులో ఆపితే బండి మెల్లగా జారుతుంది. నాయన దిగీదిగగానే చక్రం కింద రాయి పెట్టేవాడు. ఆయనకు డెబ్బై దాటినాయి. పిల్లలేమో బండి చుట్టూనే ఆడుకుంటారు. వణుకుతోనైతే ఎట్లో బతకొచ్చు, ఒక్క రాయిని నమ్ముకుని ఎన్నాళ్లు?

షెడ్డులో మూడుసార్లు హ్యాండ్‌బ్రేకు కేబులు బిగించినారు. వారం బాగుండేది, మళ్లీ మామూలే. వణుక్కి చక్రాలు బ్యాలెన్సు చేయించమన్నారు, అదీ అయ్యింది.

మేము చదివింది కన్నడ మాధ్యమం, చేసేది బెంగళూరులో సాఫ్ట్‌వేర్ టెస్టింగు. స్పానర్ పని నాయనది. తప్పు ఎక్కడుందో వెతికే పని మాత్రం మాకు రోజూ ఉండేదే. ఒకసారికి ఒకటే మార్చాలి, ఏమైందో రాసుకోవాలి. ఒక ఆదివారం నోటుబుక్కు తీసుకుని మొదలుపెట్టినాం.

ముందు ఖాళీ దారిలో 50కి తెచ్చి, క్లచ్చు తొక్కి న్యూట్రల్ చేసి బండిని దానంతట అది పోనిచ్చినాం. ఇంజను శబ్దం దిగిపోయింది, వణుకు పోలేదు. అంటే తప్పు ఇంజనులో లేదు, క్లచ్చులో లేదు. షాఫ్టుదన్నా కావాలి, చక్రాలదన్నా కావాలి.

తర్వాత లెక్క. ఆ వేగంలో ఈ సైజు టైరు సెకనుకు ఇంచుమించు 6 చుట్లు తిరుగుతుంది. డిఫరెన్షియల్ నిష్పత్తి వల్ల ప్రొపెల్లర్ షాఫ్టు దానికి దాదాపు 5 రెట్లు, అంటే సెకనుకు 30 చుట్లు తిరుగుతుంది. చక్రం తప్పయితే స్టీరింగూ సీటూ ఊగినట్టుంటుంది. షాఫ్టు తప్పయితే కాళ్ల కింద రేకు జుమ్మంటుంది. మాది జుమ్మనే వణుకు.

ఇక కిందికి దూరడమే. చక్రాలకు ముందూ వెనకా కట్టెలు పెట్టి, ఇంజను ఆపి, గేరు న్యూట్రల్లో ఉంచి, వెనక షాఫ్టును చేత్తో అటూ ఇటూ తిప్పినాం. ముందు వైపు యూనివర్సల్ జాయింటులో కటకట. దాని కప్పుల చుట్టూ ఎర్రటి తుప్పు పొడి. లోపలి సూది బేరింగులు గ్రీజు లేక ఎండిపోయినాయని అర్థం. నాయన పైనుంచి “ఆట ఎంతుందిరా?” అని అడిగినాడు. జాయింటు వదులును ఆయన ఆట అంటాడు. కన్నడంలోనూ ఆటే. మా ఇంట్లో కొన్ని మాటలు ఏ భాషవో ఎవరూ అడగరు.

ఆ జాయింటును ఆనుకునే హ్యాండ్‌బ్రేకు డ్రమ్ము ఉంది. అసలు సంగతి అక్కడే తెలిసింది. మామూలు కార్లలో హ్యాండ్‌బ్రేకు వెనక చక్రాల్ని పట్టుకుంటుంది. ఈ జీపులో ట్రాన్స్‌ఫర్ కేసు వెనక, షాఫ్టు మొదట్లో ఉండే డ్రమ్మును పట్టుకుంటుంది. డ్రమ్ము విప్పితే లైనింగులు నూనెతో నల్లగా తడిసి ఉన్నాయి. ఆట ఉన్న షాఫ్టు కొట్టుకుని కొట్టుకుని బేరింగు వదులైంది, దాంతో ఆయిల్ సీలు అరిగింది, గేరాయిలు డ్రమ్ములోకి దిగింది. నూనె తాగిన లైనింగు ఉన్నంతకాలం కేబులు ఎంత బిగించినా లాభమేముంది?

జాయింటు, బేరింగు, సీలు, లైనింగులు అన్నీ కొత్తవి వేయించినాం. లైనింగులు పెట్రోలుతో కడిగితే చాలదా అంటే నాయన ఒప్పుకోలేదు. లోపలికి ఇంకిన నూనె వేడికి మళ్లీ బయటికొస్తుందన్నాడు. ట్రాన్స్‌ఫర్ కేసు బ్రీదర్ కూడా శుభ్రం చేసినాం. అది మూసుకుంటే లోపలి ఒత్తిడి కొత్త సీలునూ దాటి నూనెను తోస్తుంది.

బిగించేటప్పుడు షాఫ్టు మీది రెండు బాణం గుర్తులూ ఎదురెదురుగా కలవాలి. యూనివర్సల్ జాయింటు వంగి తిరిగేటప్పుడు ఒక్కో చుట్టులో రెండుసార్లు వేగం పెరిగి తగ్గుతుంది. ఆ హెచ్చుతగ్గును రెండో చివరి జాయింటు సరిచేస్తుంది. గుర్తులు తప్పితే కొత్త జాయింటుతోనూ వణుకే.

ఇప్పుడు 60లోనూ జుమ్మనడం లేదు, క్రేట్లు నింపి కట్ట మీద ఆపినా బండి నిలుస్తుంది. నాయన ఇంకా రాయి పెడతాడు. మేము వద్దనం.

ఎందుకంటే, మీ ఇంట్లో ఇట్లాంటి బండి ఉంటే ఇది గుర్తుంచుకోండి: ఈ బ్రేకు పట్టేది షాఫ్టునే. జాకీ వేసి ఒక వెనక చక్రం ఎత్తితే, ఆ చక్రం గాల్లో తిరుగుతుంది, నేల మీద చక్రమూ డిఫరెన్షియల్ గుండా కదలగలదు, బండి జాకీ మీంచి దొర్లుతుంది. వెనక షాఫ్టు విప్పేసినా అంతే, లివరు ఎంత లాగినా వెనక చక్రాలకు పట్టు ఉండదు. బండి పరుగులో ఉన్నప్పుడు ఈ బ్రేకు లాగొద్దు, దెబ్బ జాయింట్ల మీద పడుతుంది. కిందికి దూరే ముందు చక్రాలకు కట్టెలు పెట్టండి. పిల్లల్ని దూరంగా పంపండి.